మూడొందల ఏళ్ళ కిందటి ప్రైమరీ స్కూలు సిలబస్

మనవైపు కాన్వెంటు అనే మాటకి నిఘంటువులో అర్థం వేరు, వీధిలో అర్థం వేరు. నిఘంటువు ప్రకారం అది క్రైస్తవ సన్యాసినులుండే మఠం. వీధిలో అయితే టై కట్టుకుని, బూట్లేసుకుని, ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలున్న బడి ఏదైనా కాన్వెంటే. బోర్డు మీద వెంకటేశ్వరస్వామి పేరున్నా, సరస్వతీదేవి పేరున్నా జనం మాత్రం కాన్వెంటనే అంటారు. ఐటీ ఉద్యోగాలు చేస్తున్న మనలో చాలామందిమి ఏదో ఒక రకం కాన్వెంటులో అ-ఆల కంటే ముందు ఏ-బీ-సీ-డీలు దిద్దినవాళ్ళమే.

దాంతో కేథలిక్ ప్రైమరీ స్కూలు అనగానే మనకి ముందు గుర్తొచ్చేది ఇంగ్లీషు. తెలుగు మాట్లాడితే ఫైను, అదీ గుర్తొస్తుంది. కానీ కేథలిక్ ప్రైమరీ స్కూలుకి ఇప్పుడున్న రూపం రావడానికి కారణమైన ముఖ్యుల్లో ఒకాయన సరిగ్గా దీనికి ఎదురు వాదించాడు. పిల్లలకి ముందు తెలిసిన భాషలో చదవడం నేర్పండి, పరాయి భాష తర్వాత చూసుకుందాం అని ఒక బిషప్పుతోనే పేచీ పెట్టుకున్నాడు. ఆయన పేరు జాన్ బాప్టిస్ట్ డి లా సాల్. ఆయన బళ్ళలో చిన్నపిల్లలకి ఏ సబ్జెక్టులో ఏం నేర్పేవాళ్ళో వరసగా రాసిపెట్టిన పుస్తకం ఒకటుంది. దాని ఇంగ్లీషు అనువాదం ఈమధ్య చదివాను. ఈ టపా దాని గురించే.

ముందు మనిషి సంగతి. లా సాల్ 1651లో ఫ్రాన్సులోని రీమ్స్ నగరంలో పుట్టాడు. బాగా కలిగిన కుటుంబం, ఇంటికి పెద్దకొడుకు. రీమ్స్ కెథీడ్రల్లో మంచి ఆదాయం, హోదా ఉన్న పదవి. వేదాంతశాస్త్రంలో డాక్టరేట్. హాయిగా కాలు మీద కాలేసుకుని బతకాల్సిన మనిషి. 1679లో ఏడ్రియన్ నియెల్ అనే ఆయన పేదపిల్లలకి బడి పెట్టాలని ఆ ఊరొచ్చాడు. ఏదో మాటసాయం చేద్దామని దిగిన లా సాల్ మెల్లిగా అందులో కూరుకుపోయాడు. ఆ కాలంలో పంతులుద్యోగమంటే ఇంకే పనీ దొరకనివాడు చేసేది. అలాంటి పంతుళ్ళని 1681లో తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. బంధువులు మండిపడ్డారు. 1683లో కెథీడ్రల్ పదవి వదిలేశాడు. ఆ తర్వాత వచ్చిన కరువులో ఆస్తి మొత్తం రొట్టెల కింద పంచిపెట్టేశాడు. ఆ పంతుళ్ళే తర్వాత బ్రదర్స్ అయ్యారు. ఫాదర్లు కాదు, బ్రదర్స్. వాళ్ళు పూజలు చేయించరు, పాఠాలు చెప్పడమే వాళ్ళ పని. 1719లో ఆయన చనిపోయేనాటికి సుమారు వందమంది బ్రదర్స్ ఉండేవారు. రోమ్ ఆయన్ని 1900లో పునీతుడిగా ప్రకటించింది. 1950లో ఉపాధ్యాయులందరికీ పాలక పునీతుణ్ణి చేసింది.

ఇహ పుస్తకం. దాని పేరుని తెలుగులో చెప్పాలంటే 'బడి నడిపే తీరు' అనొచ్చు. చేతిరాత ప్రతి 1706 నాటిది, అచ్చయింది 1720లో, అంటే ఆయన పోయిన తర్వాతి ఏడు. దీని ముందుమాటలో ఒక విషయం నాకు భలే నచ్చింది. ఇదంతా ఒక్కడు కూర్చుని రాసింది కాదట. అనుభవమున్న బ్రదర్స్‌తో ఎన్నోసార్లు కూర్చుని మాట్లాడి, కొన్నేళ్ళ పాటు బళ్ళలో వాడిచూసి, పనికొచ్చింది ఉంచి పనికిరానిది తీసేసి తయారుచేశారట. మన ఆఫీసుల్లో ప్రాసెస్ డాక్యుమెంట్ ఎలా తయారవుతుందో మీకు తెలుసుగా. ఆ ప్రాజెక్టులో ఒక్క రోజు కూడా పని చెయ్యనివాడు రాస్తాడు :) ఇది అలాంటిది కాదు.

సరే, సిలబస్‌కొద్దాం.

మొదటిది చదవడం. ఇందులో మొత్తం తొమ్మిది మెట్లు. ఒకటి, గోడకి వేలాడదీసిన అక్షరాల పటం. రెండు, రెండేసి మూడేసి అక్షరాలు కలిపిన గుణింతాల లాంటి పటం. మూడు, అవే ముక్కలున్న చిన్నపుస్తకం. నాలుగు, ఐదు, ఆరు మెట్లలో ఫ్రెంచి వాచకాలు. మొదట కూడబలుక్కుంటూ, తర్వాత పదం పదం, ఆ తర్వాత ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చదవాలి. ఏడో మెట్టులో లాటిన్ కీర్తనల పుస్తకం. ఎనిమిదోది మర్యాదల పుస్తకం, అది మామూలు అచ్చులో కాకుండా చదవడానికి కష్టమైన గోతిక్ అక్షరాల్లో ఉండేది. తొమ్మిదోది చేతిరాత కాగితాలు, అంటే పాత దస్తావేజులు, ఉత్తరాలు, ఒప్పంద పత్రాలు. ముందు తేలిగ్గా చదవగలిగే రాత, పోనుపోను కోడిగెలుకుడు రాత. ప్రతి మెట్టులోనూ కొత్తవాళ్ళు, మధ్యవాళ్ళు, ఆరితేరినవాళ్ళు అని మళ్ళీ విభాగాలు. నెలాఖరుకి పరీక్ష పెట్టి, వచ్చినవాణ్ణి పైమెట్టు ఎక్కించేవాళ్ళు.

అప్పటి మామూలు బళ్ళలో పంతులు ఒక్కో పిల్లాణ్ణి దగ్గరికి పిలిచి పాఠం చెప్తుంటే మిగతావాళ్ళు గోల చేసుకుంటూ కూర్చునేవాళ్ళు. ఇక్కడ అలా కాదు. ఒక మెట్టులో ఉన్నవాళ్ళందరి చేతిలోనూ ఒకటే పుస్తకం. ఒకడు పైకి చదువుతుంటే మిగిలినవాళ్ళు లోలోపల చదువుతూ వెంట రావాలి. తరగతి మొత్తానికి ఒకేసారి చెప్పే ఈ పద్ధతి లా సాల్ కనిపెట్టింది కాదు. లియాన్ నగరంలో చార్లెస్ డెమియా లాంటివాళ్ళు ఆ దారిలో ముందే నడిచారు. కానీ దాన్ని ఊరూరా ఒకేరకంగా నడిచే పద్ధతిగా మార్చింది మాత్రం ఈ బ్రదర్సే. పంతులు నోరు తెరవడం కూడా తక్కువే. చేతిలో టక్కుమని చప్పుడు చేసే చిన్న పనిముట్టు ఉండేది. చదువుతున్నవాడు తప్పు పలికితే టక్ టక్. వాడే తప్పు వెతుక్కుని మళ్ళీ చదవాలి. లైన్ నంబరు చెప్పని కంపైలర్ అనుకోండి. వాడికి దొరక్కపోతే ఇంకో పిల్లాడు సరిచెయ్యాలి.

ఇప్పుడు పైన మెట్లు ఇంకోసారి చూడండి. లాటిన్ ఏడో మెట్టు. ఇది ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అప్పటి ఆనవాయితీ ప్రకారం పిల్లలు మొట్టమొదట చదవడం నేర్చుకునేది లాటిన్లోనే. దేవుడి భాష, చదువుకున్నవాళ్ళ భాష అదే. దానికొక సాంకేతిక కారణం కూడా చెప్పేవాళ్ళు. లాటిన్లో రాసిన ప్రతి అక్షరమూ పలుకుతుంది, ఫ్రెంచిలో పలకని అక్షరాలు బోలెడు, కాబట్టి కూడబలుక్కోవడానికి లాటినే తేలిక అని. షార్ట్ర బిషప్ పాల్ గోడె ద మారే ఇదే మాటన్నాడు. ఈయన లా సాల్‌కి బయటివాడేం కాదు, సెమినరీలో కలిసి చదువుకున్నవాడే. ఆయన ఊళ్ళో బ్రదర్స్ 1699లో బడి పెట్టారు. ముందు లాటిన్ నేర్పండి అని ఆయన పట్టుబట్టాడు.

లా సాల్ దానికి జవాబుగా పది కారణాలు రాసిచ్చాడు. వాటి సారాంశం నా మాటల్లో ఇదీ. ఫ్రెంచి పిల్లలకి అర్థమవుతుంది, లాటిన్ కాదు. అర్థమయ్యేది తొందరగా వస్తుంది. ఫ్రెంచి చదవడం వచ్చినవాడికి లాటిన్ చదవడం తర్వాత తేలిగ్గా వస్తుంది, అటునుంచి ఇటు మాత్రం రాదు. పేదపిల్లలు బళ్ళో ఎక్కువకాలం ఉండరు, పనికి పనికొచ్చే వయసు రాగానే తల్లిదండ్రులు మానిపించేస్తారు. లాటిన్‌తో మొదలుపెడితే వాళ్ళు అదీ సరిగ్గా రాక, ఇదీ మొదలుపెట్టక, రెండింటికీ చెడి బయటికి పోతారు. పైగా మతం నేర్చుకోవడానికి రావాల్సింది కూడా అర్థమయ్యే భాషే కదా.

తెలిసిన భాషతో మొదలుపెట్టడం కూడా ఆయన ఒక్కడి ఆలోచనేం కాదు. అంతకుముందు పోర్ట్ రాయల్ బళ్ళలోనూ ఫ్రెంచితోనే మొదలుపెట్టారు. కాకపోతే అవి గుప్పెడుమంది కోసం నడిచినవి. లా సాల్ దాన్ని కూలివాళ్ళ పిల్లల దగ్గరికి తీసుకొచ్చాడు. బిషప్ ఏమన్నా ఆ బళ్ళు మాత్రం ఫ్రెంచితోనే నడిచాయి.

ఈ పది కారణాలు చదివాక పుస్తకంలో మిగతా సబ్జెక్టులన్నీ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఈ సిలబస్ మొత్తం వెనకనుంచి ముందుకి లెక్కేసింది. పిల్లాడు బడి మానేసేది ఫలానా వయసులో, మర్నాటి నుంచి వాడు ఏదో ఒక పనివాడి దగ్గర చేరతాడు, అప్పుడు వాడికేం కావాలి? ఆ రోజు నుంచి వెనక్కొస్తే ఏది ముందు నేర్పాలో, ఏది తర్వాతో అదే తేలుతుంది.

రాయడమే తీసుకోండి. చదవడం బాగా వచ్చాకే కలం పట్టనిచ్చేవాళ్ళు. వయసు మీరిపోతున్న పిల్లలకి మాత్రం మినహాయింపు. అక్షరాలు కుదురుకున్నాక ఏం రాయించేవాళ్ళనుకున్నారు? వ్యాసాలు కాదు. ప్రామిసరీ నోట్లు, రసీదులు, అద్దె కాగితాలు, పనిలో చేరేటప్పటి ఒప్పందాలు. ముందు చూచిరాత. తర్వాత అలాంటివే సొంతంగా రాయాలి. అక్షరదోషాలు లేకుండా రాయడం అక్కడే నేర్చుకునేవాళ్ళు. చదవడంలో తొమ్మిదో మెట్టు దస్తావేజులు ఎందుకయ్యాయో ఇప్పుడు తెలుస్తుంది. అప్పుపత్రం చదవడం రానివాణ్ణి షావుకారు ఏం చేస్తాడో మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా తాతల తరంలో వేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకున్నవాళ్ళ కథలు ఊరికొకటి దొరుకుతాయి.

లెక్కలూ అంతే. కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు. అన్నీ డబ్బు లెక్కల్లోనే. ఒక లీవ్ర్‌కి 20 సోలు, ఒక సోకి 12 దెనియేలు. అంటే ఒక్కో స్థానానికి ఒక్కో బేస్. మనకీ 1957లో దశాంశ పద్ధతి వచ్చేవరకు రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు ఉండేవి కాబట్టి మన పెద్దవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. ఒక పిల్లాడు బోర్డు దగ్గర నిలబడి ప్రతి అడుగూ పైకి చెప్తూ లెక్క చెయ్యాలి, మిగతావాళ్ళు గమనిస్తుండాలి. పంతులు మధ్యలో ఎందుకు అలా చేశావని అడుగుతుంటాడు.

ఈ రాతా లెక్కలే ఆయనకి కోర్టు కేసులు తెచ్చిపెట్టాయి. పారిస్‌లో రాత నేర్పేవాళ్ళకి ఒక సంఘం ఉండేది, రాయడం నేర్పే హక్కు వాళ్ళదే. డబ్బులిచ్చి నేర్చుకోగలిగిన పిల్లలు కూడా ఈ ఉచిత బళ్ళకి పోతున్నారని వాళ్ళ గోల. 1704లో కేసు వేస్తే లా సాల్‌కీ బ్రదర్స్‌కీ జరిమానాలు పడ్డాయి. చదవడం నేర్పితే ఎవరికీ అంత కోపం రాలేదుగానీ రాయడం నేర్పేసరికి కొందరి పొట్టమీద దెబ్బపడింది. నైపుణ్యం ఉచితంగా పంచితే ముందు ఉలిక్కిపడేది దాన్ని అమ్ముకుంటున్నవాళ్ళే. ఓపెన్ సోర్స్ చరిత్ర చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు.

మర్యాదలు కూడా ఒక సబ్జెక్టే. దీనికోసం లా సాల్ 1703లో ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. ఎలా కూర్చోవాలి, ఎలా తినాలి, నలుగురిలో ఆవలింతొస్తే ఏం చెయ్యాలి, ముక్కు ఎలా తుడుచుకోవాలి, ఎదుటివాళ్ళతో ఎలా మాట్లాడాలి. చదివితే నవ్వొస్తుంది. కానీ కూలివాడి కొడుకు పెద్దింటి గడప తొక్కినప్పుడు వాణ్ణి వెనక్కి తోసేవి ఇలాంటి విషయాలేనని ఆ ఇళ్ళలోనే పుట్టిన లా సాల్‌కి బాగా తెలుసు. పొద్దున్న పిల్లలు తెచ్చుకున్న రొట్టె బళ్ళోనే, పంతులు ఎదురుగానే తినాలి. అదీ పాఠమే. మిగిలిన రొట్టెముక్కల్ని ఒక బుట్టలో వేస్తే వాటిని ఏమీ తెచ్చుకోలేని పిల్లలకి పెట్టేవాళ్ళు. తలుపు దగ్గర కాపలా, గంట కొట్టడం, ఊడవడం, రానివాళ్ళ ఇంటికెళ్ళి కనుక్కోవడం, ఇవన్నీ పిల్లల డ్యూటీలే.

వీటన్నిటి పైన సత్యోపదేశం, అంటే ప్రశ్నలు-జవాబుల రూపంలో మతబోధ. రోజూ అరగంట, ఆదివారం ఇంకా ఎక్కువ. ఇక్కడ పూలబాట పరవడం నాకిష్టం లేదు. ఆ బళ్ళ అసలు లక్ష్యం మతమే, మిగతావన్నీ దానికి లోబడి ఉన్నవే. రాజుకీ దీంట్లో అవసరం ఉంది. 1685లో ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛ రద్దుచేసిన పద్నాలుగో లూయీ, 1698లో ఊరూరా బడి ఉండాలని ఉత్తర్వు ఇచ్చాడు. బలవంతంగా మతం మార్చినవాళ్ళ పిల్లల్ని కేథలిక్కులుగా పెంచడం అందులో ఒక ముఖ్యోద్దేశం. బెత్తం దెబ్బలు కూడా ఉన్నాయి, ఎప్పుడు ఎలా కొట్టాలో పుస్తకంలో వివరంగా ఉంది, వీలైనంత తగ్గించమన్న సలహాతో పాటు. ఇంకోటి, ఇవి మగపిల్లల బళ్ళు. ఆడపిల్లలకి వేరే సిస్టర్ల బళ్ళుండేవి.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది ఇంకోటుంది. బ్రదర్స్ తర్వాత తర్వాత దక్షిణ ఫ్రాన్సుకి వెళ్ళారు. 1703లో అవిన్యోన్, 1706లో మార్సెయ్. అక్కడి మామూలు జనం ఇళ్ళలో మాట్లాడేది ఫ్రెంచి కాదు, ఆక్సిటన్ అనే భాషలో రకాలు. అక్కడి పిల్లలకి ఫ్రెంచే లాటిన్ అన్నమాట. ఆ పది కారణాల్లో మొదటిది అక్కడ నిలబడదు. ఆ తర్వాత 19వ శతాబ్దంలో ఫ్రాన్సు బళ్ళలో బ్రెటన్, ఆక్సిటన్ మాట్లాడిన పిల్లాడికి ఒక చెక్కబిళ్ళ లాంటిది తగిలించడం మొదలైంది. ఇంకెవడైనా ఆ భాష మాట్లాడుతుండగా పట్టుకుంటే అది వాడికి అంటగట్టాలి. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బళ్ళో తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో పలకలు వేలాడదీశారని ఎంత గొడవైందో గుర్తుందా? ఊరు మారింది, భాష మారింది, పలక మాత్రం అదే.

ఇప్పుడు మన సంగతి. మా అక్క కూతురు హైదరాబాదులో రెండో తరగతి చదువుతోంది. మొన్న ఇంగ్లీషు పాఠం గడగడా చదివింది, ఉచ్చారణ నాకంటే బావుంది. చదివిందాంట్లో ఆ అబ్బాయి ఎందుకు ఏడ్చాడే అని అడిగాను. ఏ అబ్బాయి మామయ్యా అంది. లాటిన్ కీర్తనలు చదివిన ఫ్రెంచి పిల్లలు అచ్చం ఇలాగే చదివుంటారు. నిజానికి మన పరిస్థితి ఇంకో రకంగా అధ్వాన్నం. లాటిన్ కనీసం రాసినట్టు పలుకుతుంది. ఇంగ్లీషు అర్థమూ కాదు, రాసినట్టు పలకనూ పలకదు. తెలుగు అర్థమూ అవుతుంది, రాసినట్టే పలుకుతుంది. బిషప్ వాదనా లా సాల్ వాదనా రెండూ కలిపి చూసినా మొదటి పుస్తకం తెలుగుదే కావాలి.

అయితే ఇంగ్లీషు మీడియం వద్దు అని నేను అనడం లేదు. అలా అనడం ఇంగ్లీషు వల్లే జీతం తీసుకుంటున్న నాకు మరీ తేలిక. లా సాల్ వాదనకి రెండు కాళ్ళున్నాయి. ఒకటి అర్థమవడం, రెండు పనికిరావడం. ఆయన కాలంలో రెండూ ఫ్రెంచి వైపే నడిచాయి. మనకి ఒక కాలు తెలుగు వైపు, ఒకటి ఇంగ్లీషు వైపు లాగుతున్నాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్ళన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తామన్నప్పుడు, 2020లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసినప్పుడు జరిగిన గొడవంతా ఈ రెండు కాళ్ళ మధ్యే. మా పిల్లలకి మాత్రం ఇంగ్లీషు ఎందుకు వద్దు అని అడిగిన పేద తల్లిదండ్రుల ప్రశ్న న్యాయమైనదే. దానికి భాషాభిమానం జవాబు కాదు.

లా సాల్ దగ్గర మనం తీసుకోగలిగింది ఆ మెట్ల వరస. ఆయన లాటిన్ తీసెయ్యలేదు, ఏడో మెట్టులో పెట్టాడు. ముందు ఆరు మెట్లు ఎక్కినవాడు ఏడోది తొందరగా ఎక్కుతాడన్నది ఆయన లెక్క. మన గొడవల్లో మాత్రం తెలుగా ఇంగ్లీషా అనే ఉంటుంది తప్ప ఏది ఎన్నో మెట్టు అన్న ప్రశ్న ఉండదు. 2020 జాతీయ విద్యావిధానం వీలైనచోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటిభాషలో చెప్పమంది. మరి ఇంగ్లీషు ఎప్పుడు, ఎలా, ఎంత గట్టిగా నేర్పుతారో కూడా మెట్లు మెట్లుగా రాసి చూపిస్తే తప్ప ఆ తల్లిదండ్రులు నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు.

మనలో చాలామంది ఇప్పుడు పిల్లల్ని బళ్ళో వేసే వయసులోనో, దానికి దగ్గర్లోనో ఉన్నాం. అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు ఏ సిలబస్ అండీ, ఏసీ క్లాసులున్నాయా, కోడింగ్ నేర్పుతారా అని అడుగుతాం. వాటితో పాటు ఇంకోటి అడగండి. రెండో తరగతి అయ్యేసరికి మావాడు ఏ భాషలోనైనా ఒక పేజీ చదివి, అందులో ఏముందో తన మాటల్లో చెప్పగలడా? ఏ భాషలో చెప్పగలడు? జవాబు రాకపోతే ఫీజు కట్టేముందు ఇంకో బడి చూడండి.